గ్యారేజ్ డోర్ మొరాయిస్తే మోటార్ కన్నా ముందు స్ప్రింగ్ చూడాలి

క్లుప్తంగా

గ్యారేజ్ డోర్‌ని పైకి లేపేది పైన వేలాడే మోటార్ అనుకుంటారు చాలామంది, కానీ నిజంగా బరువు మోసేది స్ప్రింగ్. ఈ ఒక్క విషయం తెలిస్తే డోర్ ఎందుకు ఆగింది, ఏది మార్చాలి, దేని జోలికి పోకూడదు అన్నీ వరసగా అర్థమవుతాయి. సెన్సర్లు, రిమోట్, రోలర్లు, ఆయిల్ పెట్టడం లాంటివి ఇంట్లోవాళ్లే చూసుకోవచ్చు. స్ప్రింగ్, కేబుల్, డోర్ కింది మూలల్లో ఉండే బ్రాకెట్లు మాత్రం తెలిసినవాళ్ల చేత చేయించుకోవాల్సిన పనులు.

బరువంతా ఎవరు మోస్తున్నారు

ఇళ్లకి ఎక్కువగా వాడేది సెక్షనల్ డోర్, అంటే నాలుగైదు అడ్డ పలకల్ని హింజ్‌లతో కలిపి, పక్కల రోలర్లు పెట్టి, ట్రాక్‌లో పైకి పోయేలా చేసిన తలుపు. ఒక కారు పట్టే స్టీల్ డోరే మామూలుగా 40 నుంచి 60 కిలోలు ఉంటుంది, రెండు కార్లు పట్టేదైతే 100 కిలోలు దాటడం కూడా మామూలే, చెక్కదైతే ఇంకా ఎక్కువ. ఇంత బరువుని ఒక చిన్న మోటార్ రోజూ ఎత్తి దించుతోందంటే అసలు కష్టం వేరే చోట పడుతోందని అర్థం. తక్కెడలో ఒక పళ్లెంలో తలుపు, రెండో పళ్లెంలో స్ప్రింగ్ ఉన్నాయనుకోండి, రెండూ సరితూగి ఉంటే మోటార్ చేయాల్సిందల్లా ఏదో ఒక వైపుకి కొద్దిగా నెట్టడమే.

స్ప్రింగ్‌లు రెండు రకాలు. టోర్షన్ స్ప్రింగ్ డోర్ పైన గోడకి అడ్డంగా ఉన్న షాఫ్ట్ మీద చుట్టి ఉంటుంది, ఆ షాఫ్ట్ రెండు చివర్లా డ్రమ్ములు, డ్రమ్ముల మీంచి దిగి డోర్ కింది మూలలకి తగులుకునే స్టీల్ కేబుళ్లు. డోర్ కిందకి దిగేకొద్దీ షాఫ్ట్ తిరిగి స్ప్రింగ్ మెలిపడుతుంది, పైకి పోయేటప్పుడు ఆ మెలి విప్పుకుంటూ డోర్‌ని లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ అయితే పైన అడ్డంగా పోయే ట్రాక్‌ల పక్కన సాగి ఉంటుంది, కప్పీల మీదుగా కేబుల్‌ని లాగుతుంది.

డోర్ పైకి పోయేకొద్దీ ఒక్కో పలక వంపు తిరిగి అడ్డ ట్రాక్ మీదకి చేరుతుంది, అలా చేరిన పలక బరువుని ఇక ట్రాకే మోస్తుంది కాబట్టి కేబుల్ మీద వేలాడే బరువు తగ్గుతూ పోతుంది, సరిగ్గా అదే సమయంలో స్ప్రింగ్ మెలి విప్పుకుంటూ దాని బలం కూడా తగ్గుతూ వస్తుంది. రెండూ ఒకే లెక్కలో తగ్గేలా స్ప్రింగ్‌ని ఎంచుకుంటారు, అందుకే మంచి డోర్ ఏ ఎత్తులో వదిలినా అక్కడే నిలబడుతుంది. ఈ జోడీ కుదరకపోతే ఎంత ఖరీదైన మోటార్ పెట్టినా డోర్ సుఖంగా నడవదు.

చేత్తో ఎత్తి చూసే పరీక్ష

డోర్ పాడైందనగానే చేయాల్సిన మొదటి పని, డోర్ మూసి ఉండగా స్ప్రింగ్‌ని కళ్లతో చూడటం. టోర్షన్ స్ప్రింగ్ చుట్ల మధ్య అయిదారు సెంటీమీటర్ల ఖాళీ కనిపిస్తే అది తెగిపోయిందన్నమాట, ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. తెగేటప్పుడు పెద్ద చప్పుడు వస్తుంది, ఇంట్లో ఏదో పేలిందని కంగారు పడేంత చప్పుడు, ఆ తర్వాత మోటార్ నొక్కితే డోర్ ఓ జానెడు లేచి ఆగిపోతుంది.

స్ప్రింగ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తే అప్పుడు డోర్ పూర్తిగా మూసి ఉండగానే ట్రాలీకి, అంటే మోటార్ చైన్‌తో పాటు కదులుతూ డోర్‌ని లాగే భాగానికి, వేలాడే ఎర్ర తాడు లాగి మోటార్‌ని విడదీయాలి, డోర్‌ని మెల్లగా చేత్తో నడుము ఎత్తుదాకా లేపి చెయ్యి దగ్గరే ఉంచి పట్టు సడలించి చూడాలి. అక్కడే నిలబడితే స్ప్రింగ్ సరిగ్గా ఉంది, సమస్య మోటార్ వైపు. కిందకి జారిపోతుంటే స్ప్రింగ్ బలం తగ్గింది, తనంతట తాను పైకి ఎగిరిపోతుంటే స్ప్రింగ్ బలం ఎక్కువైంది. సగం ఎత్తు దాకా బాగానే వచ్చి ఒకచోట పట్టేస్తుంటే ట్రాక్‌లోనో రోలర్‌లోనో ఏదో అడ్డం ఉంది. అసలు లేవనే లేవకపోతే బలవంతం చేయకుండా ఆపేయడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. డోర్ తెరిచి ఉండగా ఆగిపోతే, ముఖ్యంగా స్ప్రింగ్ మీద అనుమానం ఉంటే, ఆ ఎర్ర తాడు లాగకూడదు. ఆ సమయంలో డోర్‌ని పైన పట్టుకుని ఉన్నది మోటార్ ట్రాలీ ఒక్కటే అయ్యుండొచ్చు, తాడు లాగిన మరుక్షణం మొత్తం బరువు కిందకి వస్తుంది, కింద ఎవరున్నా తప్పుకునే టైం ఉండదు.

స్ప్రింగ్ ఎందుకు తెగుతుంది

స్ప్రింగ్ తెగడాన్ని నాసిరకం సరుకు కిందో దురదృష్టం కిందో లెక్కేస్తారు గానీ అది ముందే తెలిసిన విషయం. మామూలు రకం స్ప్రింగ్‌ని దాదాపు 10,000 సైకిళ్లకి తయారుచేస్తారు, ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. రోజుకి రెండు సైకిళ్లయితే 13 ఏళ్ల పైన వస్తుంది, నాలుగైతే ఏడేళ్లు నిండకుండానే అయిపోతుంది, వీధి తలుపు వాడకుండా అందరూ గ్యారేజ్ నుంచే రాకపోకలు సాగించే ఇంట్లో రోజుకి పది సైకిళ్లు పడితే మూడేళ్లు కూడా రాదు. తుప్పు ఈ ఆయుష్షుని ఇంకా తగ్గిస్తుంది, ఎందుకంటే తీగ మీద తుప్పు తిన్న చిన్న గుంట దగ్గరే ఒత్తిడంతా పోగై పగులు మొదలవుతుంది. తెగడం కూడా ఎక్కువగా డోర్ మూసి ఉన్నప్పుడో లేవడం మొదలైనప్పుడో జరుగుతుంది, మెలి మొత్తం నిండి ఉండేది అప్పుడే కాబట్టి.

రెండు స్ప్రింగ్‌లున్న డోర్‌లో ఒకటి తెగితే రెండూ మార్చమని మెకానిక్ అంటే అది డబ్బు గుంజడం అనిపించొచ్చు, కానీ రెండూ ఒకే రోజు బిగించినవైతే రెండూ అన్నే సైకిళ్లు తిరిగాయి, రెండోది కూడా దగ్గర్లోనే ఉంటుంది. పైగా ఒకవైపు కొత్తది, ఒకవైపు అలసిపోయింది ఉంటే లెక్క కుదరడం కష్టం.

కొత్త స్ప్రింగ్ ఎంచుకోవడంలో జరిగే పొరపాటు చిన్నదే గానీ దాని ఫలితం చిన్నది కాదు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు స్ప్రింగ్‌లలో ఒకదాని తీగ మందం 5.26 మి.మీ., ఇంకోదానిది 5.54 మి.మీ. అనుకుందాం, తేడా మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా లేదు. కానీ స్ప్రింగ్ బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఆ కాస్త తేడాకే బిగువు 20 శాతానికి పైగా మారిపోతుంది. అందుకే పని తెలిసినవాళ్లు ఒక్క చుట్టుని కొలవరు, 20 చుట్ల పొడవు కలిపి కొలిచి దాన్ని 20తో భాగిస్తారు, దాంతోపాటు లోపలి వ్యాసం, మొత్తం పొడవు, ఎడమ చుట్టా కుడి చుట్టా అన్నవి చూసుకుంటారు. ఇంకాస్త మందం తీగతో ఎక్కువ పొడవున్న స్ప్రింగ్ వేస్తే అదే బరువుని తక్కువ ఒత్తిడితో మోస్తుంది, ఆయుష్షు రెండింతలు అంతకన్నా ఎక్కువ కూడా అవుతుంది, షాఫ్ట్ మీద చోటుంటే అది అడిగి వేయించుకోదగ్గ మార్పే.

డోర్ బరువు మారినా లెక్క తప్పుతుంది. వేడి రాకుండా లోపలివైపు ఇన్సులేషన్ షీట్లు అంటించడం, విరిగిన పలక తీసి బరువైన పలక వేయడం, చెక్క డోర్ వాన నీళ్లు పీల్చుకోవడం, వీటన్నిటితో తలుపు బరువెక్కుతుంది, స్ప్రింగ్ మాత్రం పాతదే.

ఒక తప్పు ఇంకో తప్పుకి దారితీసే తీరు

స్ప్రింగ్ నెమ్మదిగా నీరసపడుతున్నప్పుడు ఇంట్లోవాళ్లకి కనిపించేది స్ప్రింగ్ కాదు, మోటార్ మూలగడం, డోర్ మధ్యలో ఆగడం. దాంతో ఏం చేస్తారంటే మోటార్ మీదున్న ఫోర్స్ సెట్టింగ్‌ని కొంచెం పెంచుతారు, డోర్ మళ్లీ నడుస్తుంది, సమస్య తీరిందనుకుంటారు. నిజానికి ఆ క్షణం నుంచి మూడు నష్టాలు మొదలవుతాయి. మోటార్ లోపలి ప్లాస్టిక్ గేర్ తన శక్తికి మించి లాగుతూ పళ్లు అరిగిపోతాయి. మోటార్ చేయి తగులుకునే పై పలక వంగుతుంది, స్క్రూలు ఊడొస్తాయి, కొన్నిసార్లు పలక మధ్యలో చీలిపోతుంది. మూడోది అన్నిటికన్నా ఘోరం, డోర్ దేనికైనా తగిలితే వెనక్కి తిరగాల్సిన గుణం మొద్దుబారుతుంది, ఎందుకంటే ఎంత అడ్డం వస్తే ఆగాలో చెప్పేది ఆ ఫోర్స్ సెట్టింగే.

అందుకే కొత్త మోటార్ కొని పాత స్ప్రింగ్‌తోనే నడిపించడం తెలివైన రిపేర్ అనిపించుకోదు, కొత్త గేర్ కూడా అదే దారిన పోతుంది.

స్ప్రింగ్ పని ఎందుకంత ప్రమాదం

70 కిలోల డోర్ మామూలు ఎత్తు, అంటే రెండు మీటర్ల పైచిలుకు, లేచి అడ్డంగా పడుకుంటే దాని బరువు కేంద్రం సుమారు ఒక మీటరు పైకి వెళ్తుంది. దానికి కావాల్సిన శక్తి దాదాపు 700 జౌళ్లు, డోర్ మూసి ఉన్నప్పుడు అదంతా స్ప్రింగ్‌లో దాగి ఉంటుంది. 70 కిలోల బరువుని మీటరు ఎత్తునుంచి వదిలితే ఎంత దెబ్బో అంత. సాధారణంగా ఆ స్ప్రింగ్‌ని ఏడు, ఏడున్నర చుట్లు తిప్పి ఉంచుతారు, అంత మెలినీ పట్టి ఆపుతున్నది స్ప్రింగ్ చివర్న కోన్ అనే లోహపు ముక్కకి బిగించిన రెండు చిన్న స్క్రూలే. వైండింగ్ బార్‌లు అని దీనికోసమే ఉండే గట్టి స్టీల్ కడ్డీలు రెండు ఉంటాయి, ఒకటి కోన్ రంధ్రంలో పట్టి ఉంచి రెండోదాన్ని పైరంధ్రంలో పెడుతూ పావు చుట్టు పావు చుట్టుగా తిప్పాలి. వాటి బదులు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పబోయినప్పుడే చేతులు విరగడం, ముఖానికి దెబ్బలు తగలడం జరుగుతుంది, స్క్రూడ్రైవర్ ఆ రంధ్రానికి సరిపోదు, జారితే అదే ఆయుధమై తిరుగుతుంది.

రెండు రకాల మధ్య ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. ఎక్స్‌టెన్షన్ స్ప్రింగ్ డోర్ తెరిచినప్పుడు సడలిపోతుంది కాబట్టి డోర్ పైన ఉండగా ట్రాక్‌కి క్లాంపులు బిగించి దాన్ని మార్చడం కొంత నయం. కానీ మూసి ఉన్నప్పుడు అది తెగితే ముక్కలు విసురుగా ఎగురుతాయి, అందుకే దాని మధ్యలోంచి ఒక సేఫ్టీ కేబుల్ పోయి రెండు చివర్లా బిగించి ఉండాలి. పాత డోర్లలో చాలాసార్లు అది ఉండదు, లేకపోతే వెంటనే వేయించాలి, ఇందులో వాయిదా వద్దు. టోర్షన్ స్ప్రింగ్ తెగితే షాఫ్ట్ మీదే ఉండిపోతుంది, ఆ విషయంలో అది మెరుగు.

కింది మూలల్లో కేబుల్ తగిలించి ఉండే బ్రాకెట్లు చూడ్డానికి రెండు మూడు బోల్టులున్న మామూలు రేకు ముక్కల్లా ఉంటాయి, కొన్నిటికి ఎర్ర రంగు వేస్తారు. స్ప్రింగ్ బిగువంతా చివరికి వచ్చి చేరేది అక్కడికే. అక్కడి రోలర్ మారుద్దామని ఆ బోల్టులు విప్పితే బ్రాకెట్ కేబుల్‌తో సహా పైకి దూసుకుపోతుంది.

డోర్ ఒకవైపు ఒరిగితే

ఒక మూల కిందకి, ఒక మూల పైకి ఉండి డోర్ వంకరగా ఇరుక్కుంటే కేబుల్ తెగిందో డ్రమ్ము మీంచి జారిందో అయ్యుంటుంది. ఎక్కువగా జరిగేది జారడమే. డోర్ దిగుతూ కింద ఏ డబ్బా మీదో ఆగినప్పుడు కేబుల్ ఒక్కసారిగా వదులవుతుంది, ఆ వదులులో డ్రమ్ము గాడిలోంచి బయటికి పడుతుంది. అలా ఒరిగిన డోర్‌ని మోటార్‌తో పదేపదే నొక్కి చూస్తే రోలర్లు ట్రాక్ లోంచి బయటికొచ్చి చిన్న రిపేర్ కాస్తా పలకలు మార్చేదాకా పోతుంది. ప్లగ్ పీకేసి మెకానిక్‌ని పిలవడమే మంచిది.

రోలర్లు, హింజ్‌లు మాత్రం కింది వరస వదిలేసి మిగతావి ఇంట్లో ఓపికున్నవాళ్లు మార్చుకోవచ్చు, డోర్ మూసి, ప్లగ్ పీకి, ఒక్కోసారి ఒక్కటే విప్పుతూ. గమనించాల్సింది ఏంటంటే హింజ్ మీద 1, 2, 3 అని అంకె గుద్ది ఉంటుంది. నిలువు ట్రాక్ పైకి పోయేకొద్దీ గోడకి కొంచెం దూరంగా జరుగుతుంది కాబట్టి పై హింజ్‌లలో రోలర్ పట్టే గొట్టం పలక నుంచి ఇంకాస్త ఎడంగా ఉంటుంది, అంకె ఆ ఎడాన్నే చెబుతుంది. పక్కల్లో 1 కింద, 2 దాని పైన, అలా పోతాయి, మధ్యలో ఉండే హింజ్‌లన్నీ 1వే. ఇవి తారుమారైతే డోర్ చట్రానికి రాసుకుంటుంది లేదా పక్కల సందు పడుతుంది, కారణం ఎంత వెతికినా దొరకదు.

మూసుకోబోయి మళ్లీ పైకి పోతుంటే

ఇది అందరికీ ఎదురయ్యే సమస్య, అదృష్టవశాత్తూ సులువైనది కూడా. నేలకి 15 సెంటీమీటర్ల లోపు ఎత్తులో రెండు పక్కలా రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి కంటికి కనపడని కిరణాన్ని పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే డోర్ మూసుకోదు. అమెరికాలో గ్యారేజ్ డోర్ల కింద చిక్కుకుని పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాత 1990లో అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టం చేసింది, 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజ్ డోర్ మోటార్లన్నిటికీ ఇలాంటి రెండో రక్షణ తప్పనిసరి అయింది. కాబట్టి విసుగొచ్చి సెన్సర్లని రెండూ కలిపి పైన కట్టేయడం, వైర్లు షార్ట్ చేయడం లాంటి చిట్కాలు ఎవరు చెప్పినా వినకూడదు, ఆ చిన్న డబ్బాల వెనక పోయిన ప్రాణాలున్నాయి.

సెన్సర్ లైట్ ఆరిపోయి ఉన్నా మిణుకుమంటున్నా ముందు మెత్తటి గుడ్డతో అద్దం తుడవాలి, సాలెగూడు చాలు దాన్ని ఆపడానికి. తర్వాత బ్రాకెట్ వంగిందేమో చూసి, లైట్ నిలకడగా వెలిగేదాకా మెల్లగా తిప్పాలి. రోజులో ఒకే సమయంలో, ఎండ లోపలికి పడే వేళ మాత్రమే డోర్ మొండికేస్తుంటే ఎండ నేరుగా అందుకునే సెన్సర్ మీద పడుతోందన్నమాట, రెండు సెన్సర్లనీ అటూ ఇటూ మార్చి అందుకునేది నీడ వైపు వచ్చేలా పెడితే చాలాసార్లు సరిపోతుంది. గోడ బటన్ నొక్కి అలాగే పట్టుకుంటే డోర్ మూసుకుంటోందంటే అనుమానం సెన్సర్ మీదే పెట్టుకోవచ్చు.

నేలని తాకాక మళ్లీ లేస్తుంటే కథ వేరు. అక్కడ సెన్సర్ తప్పేమీ లేదు, డోర్ ఎక్కడ ఆగాలో చెప్పే లిమిట్ ఇంకా కిందకి ఉండటం వల్ల నేలనే అడ్డంగా భావించి మోటార్ వెనక్కి తిప్పుతోంది, లిమిట్ కాస్త పైకి జరపాలి.

మోటార్ వైపు తప్పులు

డోర్ చేత్తో హాయిగా లేస్తోంది, అయినా మోటార్‌తో పనవట్లేదంటే అప్పుడు చెవి పెట్టి వినాలి. మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తోంది కానీ చైన్ కదలట్లేదంటే గేర్ పళ్లు అరిగాయి, మోటార్ కింద తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలి ఉంటే ఇక సందేహమే అక్కర్లేదు. చైన్ కదులుతోంది, డోర్ కదలట్లేదంటే ట్రాలీ విడిపోయి ఉంది, ఎవరో ఎర్ర తాడు లాగి ఉంటారు. గుయ్‌మని శబ్దం చేసి ఏదీ తిరగకపోతే మోటార్ తిరగడానికి ఊపునిచ్చే కెపాసిటర్ పోయి ఉండొచ్చు, దాంట్లో ప్లగ్ పీకాక కూడా కరెంట్ నిలిచి ఉంటుంది కాబట్టి ఊరికే తాకకూడదు. ఏ శబ్దమూ లేకపోతే ముందు ప్లగ్, బ్రేకర్ చూడటం ధర్మం.

గోడ బటన్‌తో పనిచేసి రిమోట్‌తో పనిచేయకపోతే బ్యాటరీ, తర్వాత గోడ ప్యానెల్ మీద లాక్ బటన్. ఊరెళ్లేటప్పుడు రిమోట్లు పనిచేయకుండా ఆపే బటన్ అది, పొరపాటున నొక్కితే కొన్ని మోడళ్లలో ఒక చిన్న లైట్ మిణుకుమనడం తప్ప ఇంకే గుర్తూ ఉండదు. ఇంకొకటి ఎవరూ ఊహించరు, మోటార్‌లో పెట్టిన ఎల్‌ఈడీ బల్బు. నాసిరకం ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ రేడియో తరంగాల్ని వెదజల్లి రిమోట్ సిగ్నల్‌ని మింగేస్తుంది, రిమోట్ మరీ దగ్గరికొస్తే తప్ప అందదు. బల్బు తీసి ఒకసారి నొక్కి చూస్తే తేలిపోతుంది.

కరెంట్ పోయినప్పుడు కూడా స్ప్రింగ్ విలువ తెలుస్తుంది. సరితూగిన డోర్‌ని ఎర్ర తాడు లాగి ఒక చేత్తో ఎత్తి బయటపడొచ్చు, సరితూగనిదైతే వయసు పైబడినవాళ్లు లోపలే ఇరుక్కుంటారు. 2017 కార్చిచ్చుల్లో కరెంట్ లేక గ్యారేజ్ డోర్లు తెరవలేకపోయిన అనుభవంతోనే కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి అమ్మే ఇళ్ల గ్యారేజ్ డోర్ మోటార్లకి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి చేసింది.

ఆయిల్ ఎక్కడ పెట్టాలి

రోలర్ బేరింగులకి, హింజ్ కీళ్లకి, స్ప్రింగ్ చుట్ల మీద పల్చగా, సిలికాన్ లేదా లిథియం స్ప్రే. ట్రాక్ లోపల గ్రీజు పూయకూడదు, దుమ్ము పట్టి బంకలా మారి రోలర్ దొర్లడం మానేసి జారుతుంది, ట్రాక్‌ని గుడ్డతో తుడిస్తే చాలు. చలికి పాత గ్రీజు గట్టిపడి డోర్ బరువెక్కినట్టు అనిపించేదీ ఇలాంటి చోట్లే.

రిపేర్ అయ్యాక

స్ప్రింగ్ మార్చినా, గేర్ మార్చినా, పలక మార్చినా ఫోర్స్, లిమిట్ సెట్టింగులు పాతవే ఉంచేయకూడదు, పాత నీరసపు స్ప్రింగ్ కోసం పెంచిన ఫోర్స్ కొత్త స్ప్రింగ్‌కి అనవసరం, పైగా ప్రమాదం. మోటార్ మాన్యువల్ ప్రకారం మళ్లీ సెట్ చేయించి, 38 మి.మీ. మందం ఉన్న చెక్క ముక్కని డోర్ మధ్యలో నేల మీద పడుకోబెట్టి డోర్ మూయాలి. చెక్కని తాకగానే రెండు సెకన్ల లోపు డోర్ వెనక్కి తిరగాలి. తిరగకుండా నొక్కి పట్టుకుంటే, లేదా ఆగి అక్కడే ఉండిపోతే, ఫోర్స్ తగ్గించి మళ్లీ చూడాలి. అప్పటికీ తిరగకపోతే అది సరయ్యేదాకా ప్లగ్ పీకేసి, మోటార్‌ని విడదీసి డోర్‌ని చేత్తోనే వాడాలి. ఈ చెక్క పరీక్ష రిపేర్ రోజున ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, నెలకోసారి చేయాలి, చేత్తో ఎత్తి చూసే పరీక్ష కూడా దాంతోపాటే చేస్తే స్ప్రింగ్ నీరసపడటం తెగకముందే తెలిసిపోతుంది.